రంగు చూసి చెప్పే బావ

మా బావ సూరత్ పక్కన కడోదరాలో బట్టల మిల్లులో రంగుల మాస్టర్. పోయినసారి ఊళ్లో పెళ్లిలో నా చేతిలోని పసుపు బీరు చూసి, "గిది పిల్లల పానీ" అని అందరినీ నవ్వించాడు.

గుజరాత్‌లో మద్యనిషేధం, సూరత్‌లో మందు దొరకదు కాబట్టి ఈ రోజు ఇద్దరం నిషేధం లేని దమన్ వెళ్లాం. రెండు రకాల లాగర్ బీరు తెప్పించాను. నల్లదాని రంగు వేయించిన బార్లీ గింజల వల్ల వచ్చింది, మత్తు తక్కువే. పసుపుది అసలైన స్ట్రాంగ్.

"సీసా మీద జర సదువు బావా."

"రంగు జూస్తె సాల్రా! నల్లది కడక్. కడక్‌ది ముట్టనని మీ అక్కకు మాటిచ్చిన, నాకు గా పసుపు పానీయే ఇయ్యి."

మూడు సీసాలు తాగి కుర్చీలోనే నోరు తెరిచి పడుకున్నాడు. ఫొటో ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టాను.

"ఏం తాగిండురా?" అని అక్క అడిగింది.

"పానీ" అని రాశాను.

నాది తప్పంటారా? ఆ పెళ్లిలో నవ్వినవాళ్లు మాత్రం జవాబివ్వొద్దు.