రాహుకాలం తప్పించుకున్న బ్యాగు

ముందే చెప్తున్నా, ఇది విన్నాక మా పక్కింటి లలిత ఆంటీ ముందు ఎవరూ పచ్చ బ్యాగు ఊసెత్తకూడదు. మా ఆయన శ్రీధర్ ముందైతే అసలే ఎత్తకూడదు. టీ పోసుకోండి, చెప్తా. కెనడాలో వాంకూవర్ అనే ఊళ్ళో, ఫిబ్రవరి చలిలో, అరవై రెండేళ్ళ పెద్దాయన తెల్ల ప్యాంటు వేసుకుని నేను అయిదు రోజులు ఎందుకు తిరిగానో మీకూ తెలియాలిగా!

అసలిదంతా నా నోటి దురద. ఏటా ఈస్టర్ సెలవులకి మా ఆయన కజిన్స్ గ్యాంగుతో మేముండే సిడ్నీ నుంచి గోల్డ్ కోస్ట్ బీచ్‌లకి టూరు ఉంటుంది. పధ్నాలుగు మంది, ఒక మినీబస్సు, రెండు అంత్యాక్షరి టీములు, ఒక పెద్ద గిన్నెడు పులిహోర. అరగంటకోసారి ఎవరో ఒకరికి బాత్రూమ్ కావాలి. పోయినసారి ఆ బస్సు దిగగానే ఇంట్లో ప్రకటించేశా.

“వచ్చేసారి నేను సోలో! బ్యాక్‌ప్యాక్ వేసుకుని, హాస్టల్లో దిగి, ఒక్క మనిషి కూడా తెలియని ఊరు చూసొస్తా!”

శ్రీధర్ పగలబడి నవ్వాడు. “నువ్వా? రౌస్ హిల్ షాపింగ్ సెంటర్లో కారెక్కడ పార్క్ చేశావో కనుక్కోడానికి నాకు ఫోన్ చేస్తావ్!”

నాకు ఒళ్ళు మండింది. ఆఫీసులో నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. పక్కవాళ్ళ తప్పులు పట్టడమే నా ఉద్యోగం. అందుకే పందెం షరతు కూడా నేనే, ఎక్కడా సందు లేకుండా, రాసి ఫ్రిజ్ మీద అంటించా: ‘అయిదు రోజుల్లో నా గురించి సాయం కావాలంటూ మా ఇంటికే కాదు, మొత్తం స్కోఫీల్డ్స్‌లో ఎవ్వరికి ఒక్క ఫోన్ వచ్చినా నేను ఓడినట్టే. ఓడితే నోరు మూసుకుని మినీబస్ ఎక్కుతా. గెలిస్తే జన్మలో ఎక్కను.’ స్కోఫీల్డ్స్ అంటే సిడ్నీలో మేముండే పేట.

మా అమ్మాయి ఆన్య అది చదివి, “మమ్, యూ ఆర్ సో గోయింగ్ టు లూజ్,” అంది. పదమూడేళ్ళ పిల్లకి తల్లి మీద ఉన్న నమ్మకం అదీ.

టికెట్ కొన్నా. గురువారం మధ్యాహ్నం ఒకటి నలభైకి ఫ్లైటు. తెనాలి నుంచి అమ్మ వీడియో కాల్లో గుండె బాదుకుంది.

“గురువారం ఒకటిన్నర నుంచి మూడింటిదాకా రాహుకాలమే! ఇంకో విమానం లేదా?”

“అమ్మా, అదేమన్నా తెనాలి బస్సా, తర్వాతది ఎక్కడానికి!”

“సరే, అయితే ప్రస్థానం పెట్టు. బుధవారం పొద్దున ఏడుంబావుకి మంచి ఘడియ ఉంది. నీ సామాను గడప దాటించి ఎవరింట్లోనైనా ఉంచు. ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. ఆ తర్వాత నువ్వెప్పుడు బయల్దేరినా ఫర్వాలేదు.”

నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. కానీ అమ్మ మొహం చూస్తూ ఆ మాట అనగలిగే ధైర్యమూ లేదు. బుధవారం పొద్దున్నే బ్యాగుకి ఇంత పసుపు బొట్టు పెట్టి, పక్కింట్లో లలిత ఆంటీ వాళ్ళ గరాజ్‌లో దించి వచ్చా. నా ముదురాకుపచ్చ బ్యాక్‌ప్యాక్! అందులో చలికి లోపల వేసుకునే థర్మల్స్, వాన కోటు, అమ్మ అల్లి పంపిన వంకాయరంగు స్వెటర్, రెండు డబ్బాల కందిపొడి, హాస్టల్ లాకర్‌కి తాళం.

ఇక్కడ మీకొక ముక్క చెప్పాలి. ఆ బ్యాగు నేనూ ఆంటీ కలిసి రౌస్ హిల్ సేల్‌లో కొన్నాం. ఒకటి నాకు, ఒకటి ఆంటీ వాళ్ళాయన మోహనరావు అంకుల్‌కి. ఒకే కంపెనీ, ఒకే రంగు. రిటైరయ్యాక అంకుల్ లాన్ బౌల్స్ క్లబ్బులో చేరారు. పచ్చిక మీద ‘బౌల్స్’ అనే బరువైన బంతులు దొర్లించే ఆట అది. ఆయన సామానంతా ఆ బ్యాగులోనే, అదే గరాజ్‌లో ఉంటుంది. ఆ శనివారమే క్లబ్బులో ఆయనకి ఫైనల్!

గురువారం పొద్దున టాక్సీవాడు హారన్ మీద హారన్. అంకుల్ రిమోట్ నొక్కి గరాజ్ తలుపు తీశారు. నేను ఉరుకులు పరుగుల మీద పచ్చ బ్యాగు భుజానేసుకుని, “వెళ్ళొస్తా అంకుల్!” అని దూకా. బరువుగానే ఉంది. కందిపొడి కదా అనుకున్నా. పసుపు బొట్టు ఉందో లేదో చూశానా? టెస్టర్‌ని కదా, సొంత పని టెస్ట్ చేసుకోను.

వాంకూవర్‌లో దిగా. మన ఆస్ట్రేలియా వాళ్ళకి తిండి వస్తువులు డిక్లేర్ చెయ్యడం ఒంటికి పట్టేసింది. కందిపొడి ఉందని నిజాయితీగా చెప్పా. కస్టమ్స్ అధికారి పక్కకి పిలిచింది.

“ఈ బ్యాగు మీదేనా?”

“నాదే.”

“మీరే సర్దుకున్నారా?”

“ఒక్కొక్క వస్తువు స్వయంగా!” అన్నా, గర్వంగా.

ఆవిడ జిప్పు తీసింది. నాలుగు నల్ల బంతులు. ఒక్కోటి కొబ్బరికాయంత! వాటి కింద తెల్ల ప్యాంట్లు రెండు, తెల్ల చొక్కాలు రెండు, తెల్ల టోపీ, మోకాళ్ళ నొప్పులకి రాసుకునే ఆయింట్‌మెంటు. ఆవిడ ఒక బంతి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, చాలా మర్యాదగా అడిగింది.

“వీటిలో తినేది ఏది మేడమ్?”

ఏం చెప్తాను! పక్కింటి అంకుల్, రాహుకాలం, ప్రస్థానం, ఇవన్నీ ఇంగ్లీషులో ఆ యూనిఫామ్‌కి ఎలా వివరిస్తారండీ? “స్పోర్ట్స్,” అన్నా. ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. నమ్మలేదు గానీ జాలిపడి పంపించేసింది.

బయటికి వస్తే వాన. మూడు డిగ్రీల చలి. సిడ్నీ ఎండాకాలంలో బయల్దేరిన మనిషిని, ఒంటి మీద పల్చటి కాటన్ కుర్తీ! చెయ్యి దానంతటదే ఫోన్ మీదకి పోయింది. ‘శ్రీ...’ అని టైప్ చేశా కూడా. కళ్ళముందు మినీబస్సు కనపడింది. పులిహోర వాసన కూడా వచ్చింది. ఫోన్ లోపల పెట్టేశా. చస్తే చెప్పను! అంకుల్‌కి చెప్పినా పందెం పోతుంది. పాపం, ఆయన ఫైనల్ సంగతి గుర్తొచ్చి మాత్రం నిజంగా సిగ్గేసింది. క్లబ్బులో ఎవరైనా బంతులు అరువిస్తారులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నా.

కోటు కొనుక్కోవచ్చు కదా అంటారు. షాపుకి వెళ్ళా. ధర చూసి ముందు ఆస్ట్రేలియా డాలర్లలోకి, ఆ తర్వాత పాత అలవాటు కొద్దీ రూపాయల్లోకి మార్చా. కోటు మళ్ళీ హ్యాంగర్‌కి తగిలించేశా. ఒక పారదర్శక ప్లాస్టిక్ వాన తొడుగు మాత్రం కొని, హాస్టల్లో కుర్తీ మీద అంకుల్ చొక్కాలు రెండూ, జీన్స్ మీద అంకుల్ ప్యాంటూ వేసేశా. అంకుల్ ఆరడుగులు, నేను అయిదూ ఒకటి. పాదాల దగ్గర నాలుగు మడతలు, నడుముకి చున్నీ. అద్దంలో చూసుకుంటే, ఎన్నికల ప్రచారానికి వచ్చిన అభ్యర్థిని ప్లాస్టిక్ కవర్లో ప్యాక్ చేసినట్టున్నా.

ఇంకో తంటా. లాకర్ తాళం నా బ్యాగులో ఉండిపోయింది. అంకుల్ ప్రాణంగా చూసుకునే బంతుల్ని తాళం లేని లాకర్లో ఎలా వదలను? కాబట్టి సముద్రం ఒడ్డున, పార్కుల్లో, కొండవైపు, ఎక్కడికెళ్తే అక్కడికి ఆ నాలుగు బంతులు నా వీపు మీదే. జనం ఊరు చూస్తుంటే, నేను బంతులకి ఊరు చూపిస్తున్నా.

రెండో రోజు, శుక్రవారం మధ్యాహ్నం, వాన దంచి కొడుతుంటే కనపడిన కమ్యూనిటీ హాల్లోకి దూరిపోయా. లోపల పచ్చ తివాచీ మీద పదిమంది ముసలివాళ్ళు బంతులు దొర్లిస్తున్నారు. అచ్చం ఇవే బంతులు! అందరూ తెల్ల బట్టలు! వెనక్కి తిరిగి పారిపోదామనుకునేలోపు డోరతీ అనే పెద్దావిడ నా చొక్కా మీద క్లబ్ బ్యాడ్జీ చూసేసింది.

“సిడ్నీ! సిడ్నీ నుంచి ప్లేయర్ వచ్చింది! సొంత బౌల్స్ కూడా తెచ్చుకుంది!”

చప్పట్లు కొట్టేశారండీ. అంత ఆనందం చూశాక నిజం చెప్పడానికి నోరు రాలేదు. బంతి తీసుకున్నా. శ్రీధర్ వాళ్ళ క్రికెట్‌లో చూసినట్టు చెయ్యి తిప్పి వదిలా. ఆ బంతులు తిన్నగా పోవని, వంకర తిరుగుతాయని నాకేం తెలుసు! అది మా తివాచీ దాటి, పక్క ఆట చెడగొట్టి, వెళ్ళి టీ బల్ల కాలికి తగిలింది. కప్పులన్నీ గలగలమన్నాయి.

డోరతీ చాలా గౌరవంగా అడిగింది. “దక్షిణార్ధగోళంలో ఇలా ఆడతారా?”

తర్వాత నా వణుకు చూసి, వేడి సూప్ ఇచ్చి, తన పాత కోటు తెచ్చి కప్పింది. “మీవాళ్ళకి ఒకసారి ఫోన్ చేద్దామా?” అంది.

“వద్దు! వద్దే వద్దు!” అని అరిచా. ఆవిడ నావైపు అదోలా చూసి, తడిసిన నా బ్యాగు తీసి పక్కన పెట్టింది. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎవరో తెలియని ముసలామె కోటులో అంత వెచ్చగా ఉంటుందని అనుకోలేదు.

మిగిలిన మూడు రోజులూ ఆ కోటులో దర్జాగా తిరిగా. రోజూ ఇంటి నుంచి కాల్. కెమెరా ఆపేసి, “హాస్టల్లో నెట్ వీక్” అనేదాన్ని.

“అమ్మ అల్లిన స్వెటర్ వెచ్చగా ఉందా?” అని శ్రీధర్.

“సూపర్! ఒంటి మీద నుంచి తియ్యబుద్ధి కావట్లేదు.”

“కందిపొడి?”

“రోజూ అదేగా తింటున్నా.”

వెనకనుంచి ఆన్య కిసుక్కుమనేది. పిల్లకి నేనంటే బెంగేమో అనుకున్నా, పిచ్చిదాన్ని.

ఆఖరి రోజు డోరతీకి కోటు తిరిగిచ్చి, గెలిచానన్న పొగరుతో సిడ్నీలో దిగా. ఇంటికొచ్చేసరికి హాల్లో లలిత ఆంటీ, మోహనరావు అంకుల్ కూర్చుని ఉన్నారు. టేబుల్ మీద తళతళలాడుతూ ఒక కప్పు. దాని పక్కన పసుపు బొట్టుతో నా పచ్చ బ్యాగు. బ్యాగు మీద మడతపెట్టిన వంకాయరంగు స్వెటర్.

“ఒంటి మీద నుంచి తియ్యబుద్ధి కాని స్వెటర్ అదేనా?” అన్నాడు శ్రీధర్.

అంకుల్ చల్లగా చెప్పారు. “శనివారం పొద్దున క్లబ్బులో బ్యాగు తెరిచానమ్మా. బౌల్స్ లేవు, థర్మల్స్ ఉన్నాయి. ఏం చెయ్యాలా అని నించుంటే ఫోన్ మోగింది. ఎవరో డోరతీగారట. నా బ్యాగు ట్యాగు మీద నంబరు చూసి చేశారు. ‘మీ అమ్మాయి తడిసిపోయి వచ్చింది, ఆటేమో బొత్తిగా రాదు, ఆమెకేదో సాయం కావాలనుకుంటా’ అన్నారు.”

అక్కడ శుక్రవారం మధ్యాహ్నమైతే ఇక్కడ శనివారం పొద్దున. అంటే రెండో రోజు నుంచే అందరికీ తెలుసు! మూడు రోజులపాటు నా స్వెటర్ కబుర్లు స్పీకర్‌లో పెట్టుకుని విన్నారు!

“మరి మీ ఫైనల్, అంకుల్?” అన్నా, తలెత్తలేక.

“అరువు బౌల్స్‌తో ఆడి గెలిచానమ్మా! ఎనిమిదేళ్ళుగా గెలుస్తున్నవాడి మీద! నీ కందిపొడి బార్బెక్యూలో కాల్చిన సాసేజీల మీద చల్లుకుని క్లబ్బంతా తినేసింది.”

ఫోన్‌లో అమ్మ విజయగర్వంతో వెలిగిపోతోంది. “చూశావా! ముహూర్తం వృథా పోదు. ప్రస్థానం పెట్టిన బ్యాగు అన్నయ్యగారితో వెళ్ళింది, ఆయన్ని గెలిపించింది. నువ్వేమో బొట్టులేని బ్యాగు పట్టుకుపోయావు!”

ఆన్య ఫ్రిజ్ మీద కాగితం పీకి తెచ్చి నా చేతిలో పెట్టింది. ‘మొత్తం స్కోఫీల్డ్స్‌లో ఎవ్వరికి ఒక్క ఫోన్ వచ్చినా’. నా చేతిరాతే. కింద రెండు గీతలు కూడా నేనే కొట్టా.

ఈస్టర్‌కి మినీబస్సులో వెనక సీటు నాది, పులిహోర గిన్నె పక్కన. అవే రోజుల్లో అంకుల్‌కి పెర్త్‌లో పెద్ద టోర్నమెంటు. కలిసొచ్చిందని నా బ్యాగే కావాలని అడిగి తీసుకున్నారు. అమ్మ దానికి అప్పుడే ముహూర్తం కూడా పెట్టేసింది. కాబట్టి మా ఇంట్లో సోలోగా ఊళ్ళు తిరిగేది ఎవరని ఎవరైనా అడిగితే, అది నేను కాదండీ, నా బ్యాగు.