జాలీ బీరువాలో మా వీధి

ఆ రోజు పొద్దున పంపు దగ్గర నీళ్లు పట్టుకుంటుంటే గోడ అవతల నుంచి మామయ్య పిలిచి, "అమ్మాయ్, మీ అత్తయ్య ఎంత లేపినా లేవట్లేదే" అన్నారు. నరసరావుపేటలో మా పక్కింటి అత్తయ్య, రిటైరైన సైన్సు టీచరు, నిద్రలోనే వెళ్లిపోయింది. మాకు చుట్టరికం లేదు. అయినా మా అమ్మ పోయాక నేను అంతగా ఏడ్చింది ఇప్పుడే.

రిటైరయ్యాక ఆవిడ, మూసేస్తున్న ఓ నెట్ సెంటర్ నుంచి పాత కంప్యూటర్ కొనుక్కొచ్చి సర్వర్‌గా మార్చింది. మా వీధి ఫోన్లలోని ఫొటోలు, వీడియోలు అన్నీ ఆవిడ వంటింటికి చేరేవి. అవును, వంటింటికే. ఒకప్పుడు పాలు, పెరుగు పెట్టుకున్న జాలీ బీరువాలో ఉండేది ఆ పెట్టె. గాలి ఆడుతుంది, బల్లి దూరదు. ఫోన్లు నిండిపోకుండా అసలు ఫొటోలు ఆ పెట్టెలోనే ఉండేవి, ఫోన్లో నొక్కితే అక్కడి నుంచే తెరుచుకునేవి. ఎండాకాలం కూలర్ దానివైపే తిరిగి ఉండేది. "మనిషికి లేదు గానీ డబ్బాకి కూలరంట!" అని మామయ్య గొణిగేవారు.

మిరపకాయల రోజుల్లో మాత్రం తిప్పలే. వీధంతా కాయలకు తొడిమలు తీస్తుంటే, ఆ దుమ్ము పీల్చి పెట్టెలో ఫ్యాను ఎర్రబడేది. ఆవిడ బ్రష్షుతో దులిపితే తుమ్ములు మా ఇంటిదాకా వచ్చేవి. రెండో కాపీ డిస్కు వినుకొండలో కూతురింట్లో ఉండేది. దాన్ని తెచ్చి కొత్తవి ఎక్కించి, మళ్లీ తువ్వాల్లో చుట్టి, బస్సులో పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లేది. "ఒక్కచోటే ఉంటే ఉన్నట్టు కాదే" అనేది. అంత పట్టుదల ఉన్న మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

అప్పుడప్పుడూ నాకు పరీక్ష పెట్టేది. పెట్టె ఆపేసి, ప్లాస్టిక్ కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చునేది.

"ఏమే, నేను లేననుకో. లేపు దాన్ని."

"బట్టల కొట్టుదాన్ని, ఇయ్యన్నీ నాకెందుకత్తయ్యా?"

"కరెంటు చెప్పి పోదు, మనిషీ చెప్పి పోడు. చెయ్యి."

ఎక్కడైనా ఆగిపోయి ఆవిడ వంక చూస్తే, నోరు బిగించి పైకప్పు చూసేది. ఎంత ఉక్రోషం వచ్చేదో! చివర్లో నా ఫోన్‌తో ఆవిడనే ఒక ఫొటో తీసి, అది పెట్టెలోకి చేరిందో లేదో చూపిస్తే గానీ వదిలేది కాదు.

ఆవిడ పోయిన రోజు షామియానా వాళ్లు లైట్ల కోసం ఆ ప్లగ్గు పీకేశారు. ఎవరూ గమనించలేదు. పెద్దకర్మకు ఫ్రేము కట్టించాలని వెతికితే, ఏ ఫోన్లోనూ ఒక్క ఫొటో తెరుచుకోలేదు.

"అన్నీ పోయినయ్యా? మా ఇంట్లో డిస్కూ పాస్‌వర్డ్ లేందే తెరుచుకోదు. అమ్మది ఒక్కటన్నా లేదా?" అంటూ కూతురు కూలబడింది.

వీధి చివరి మెకానిక్ భాయ్ నిఖా వీడియో కూడా అందులోనే ఉంది. "డిస్కుల పాస్‌వర్డ్ నీకొక్కదానికే తెలుసు గదమ్మా, చూడు" అన్నాడాయన.

బీరువా తెరిచి, ఊడిన ప్లగ్గు పెట్టి స్విచ్చి వేశాను. ఫ్యాను తిరిగింది. గబగబా పాస్‌వర్డ్ కొట్టాను. తప్పన్నది. అలవాటుగా కుర్చీ వైపు తిరిగాను. ఖాళీగా ఉంది. ఒక్కో అక్షరం చూసుకుంటూ మళ్లీ కొట్టాను.

తెర మీదికి మా వీధి మొత్తం వచ్చేసింది. భాయ్ నిఖా, మా అమ్మ నవ్వు, ఎవరెవరి పిల్లల పుట్టినరోజులో. ప్రతి వేడుకలో ఫోన్ పట్టుకుని అందరినీ తీసిన అత్తయ్య మాత్రం వాటిలో ఎక్కడా లేదు. పరీక్షల్లో నేను తీసినవే మిగిలాయి.

వాటిలో ఒకటి ఫ్రేము కట్టించి జాలీ బీరువా పైన పెట్టాం. కింద పెట్టె పనిచేస్తోంది. పైన దండలో అత్తయ్య చేతులు కట్టుకుని, నోరు బిగించి, పైకప్పు చూస్తోంది.