చల్లారేదాకా చాయ్

కాకినాడ నుంచి కారులో వెళ్లిన నాకు రాయదుర్గం మెట్రో స్టేషన్ దగ్గర బెల్లం పాకం లాంటి వాసన తగిలింది. బానెట్ ఎత్తి, ఆవిరి కక్కుతున్న రేడియేటర్ మూత తిప్పబోతుంటే, పక్కనే బండి ఆపుకున్న క్యాబ్ డ్రైవర్ నా మణికట్టు పట్టుకున్నాడు.

"తియ్యటి వాసనంటే కూలెంట్ కారుతున్నది. జర చాయ్ తాగుదాం పా అన్నా."

"ఇప్పుడు టీ ఏంటండీ, నాకు మీటింగుంది!" మా వైపు పని అయ్యాకే టీ తాగుతాం.

"ఇంజన్ సల్లబడాలె గద."

చాయ్ కొట్టు దగ్గర ఆగిన ఆ అరగంటలో తనకొచ్చిన రెండు బుకింగులు వదులుకున్నాడు. తర్వాత వాసన బట్టి వెతికి, వదులైన పైపు క్లిప్పు బిగించి, తను తాగే నీళ్లే పోశాడు. ఇంత ఓపిక ఎలా వచ్చిందని అడిగాను.

చొక్కా చెయ్యి మడిచాడు. మోచేతి దాకా కాలిన మచ్చ ఉంది.

"గా దినం చాయ్ తాగలే, అన్నా."