జింకకు వీపు చూపించి

సింగపూర్ ఉత్తర కొసన ఉన్న సెంబవాంగ్ కూడా దాటి ఇంకా ఇంకా వెళ్లి, ఇక ఒక్క అడుగు వేస్తే భూమి అంచు నుంచి జారిపోతానేమో అనిపించిన చోట, సరోజా ఆంటీ చూసుకునే జింకల దొడ్డి ఉంది. ఆమెవాళ్లు తాతల నాటి నుంచీ ఇక్కడే ఉన్న తెలుగువాళ్లు. నేను వెళ్లేసరికి ఆమె పనసాకులను ఒక్కొక్కటే తువ్వాలుతో తుడుస్తున్నారు. తడి ఆకు తింటే జింకకు కడుపు ఉబ్బుతుందట. నా పెళ్లిలో నా మొహాన్ని కూడా ఎవరూ అంత శ్రద్ధగా తుడవలేదు.

"కొత్తగా ఈనింది తంబీ. మేత ముట్టడం లేదు. ఇవాళ కూడా తినకపోతే దక్కదు," అన్నారు.

పాపం అనుకుంటూ దడి మీంచి కళ్లు చేటంత చేసుకుని చూశాను. జింక ఎగిరి మూలకు దూకింది.

"అయ్యో, సూటిగా చూడకూడదు లాహ్!" అని సింగపూర్ యాసలో కసిరారు ఆంటీ. " పులి అనుకుంటది. అటు తిరుగు!"

మా ఇంట్లో పిల్లి కూడా లెక్కచేయని నన్ను పులి అన్నందుకు ఛాతీ జానెడు పొంగింది. వెనక్కి తిరిగి నిలబడ్డాను. ఆంటీ ఆకులు దడి లోపల పెట్టి నా పక్కకొచ్చారు. ఏనుగంత దోమ ఒకటి నా మెడ మీద విందుకు కూర్చుంది. అయినా కదల్లేదు.

"రోజూ ఇలాగేనా ఆంటీ?" గుసగుసగా అడిగాను.

"రోజూ. నాకు జ్వరమొచ్చినా, పండగొచ్చినా. పక్కకు చూస్తా నిలబడతా. దానికి నమ్మకం కలిగితే వస్తది. మాట్లాడకు."

ఒక యుగం తర్వాత నా వెనక ఆకు నమిలే చప్పుడు వినబడింది.

"తింటోంది," అన్నారు ఆంటీ. "ఇప్పుడు చూడు తంబీ, మెల్లిగా."

నేను తిరగలేదు. "ముందు దాన్ని కడుపునిండా తిననివ్వండి ఆంటీ," అన్నాను.