నూనె తాగిన తూటాలు

“తేలిక బందూకే తీసుకుంట అంటున్న. ఉరికే పంది మీదికి అదైతేనే భుజం కాడ తిరుగుతది.”

“తిరుగుతది, తిరుగుతది. దాంట్ల ఏం పెట్టి కాలుస్తవు? నీ యేలు పెట్టి కాలుస్తవా?”

“కరీంనగరం పోయి తూటాలు తెచ్చుకుంట.”

“ఇంట్ల డబ్బల తూటాలు పెట్టుకోని బజారుకు పోతవా? కుండ నిండ బియ్యముంటే పక్కింటికి పోయి అడుక్కునే మొఖం నీది.”

“అవి లావు బందూకువి. నాలుగు వానకాలాలు చూసినయి. తూటాలంటే జొన్నలనుకున్నవా, ఎప్పుడు పడితే అప్పుడు దంచుకోని తినెటందుకు?”

“జొన్నలకన్న పురుగు పడతది. ఇత్తడికేం పురుగు పడతది? చెప్పు, ఇంటా.”

“నీకు చెప్పుడు, గోడకు చెప్పుడు ఒక్కటే. కంజూసుదానా!”

“కంజూసుదాన్ని కాబట్టే గడీ మూతపడ్డంక గూడ నీ పొయ్యి మండుతున్నది.”

ఇది మా ఇంటి అరుగు మీద, దొర గడీ లెక్కలు చూసే ముంషీ ఎదురుగా, పట్టపగలు జరిగిన కొట్లాట. కొట్లాడింది నేనూ నా పెనిమిటీ. ముంషీ రెండు రైఫిళ్లు తెచ్చి గోడకు ఆనించి, ఏదో ఒకటి ఎంచుకుని చిట్టీ మీద వేలిముద్ర వెయ్యమని కూర్చున్నాడు. మేం ఎంతకీ తేల్చకపోయేసరికి, “జర జల్దీ చెయ్యుండ్రి, నాకు ఆకలైతున్నది” అన్నాడు.

నా పెనిమిటి ఆ గడీ దొర దగ్గర పద్దెనిమిదేళ్లు షికారీగా పనిచేశాడు. పోలీసు యాక్షన్ తర్వాత దొర పట్నం వెళ్లిపోయాడు. గడీలో ముంషీ, గబ్బిలాలు మిగిలారు. లైసెన్సు కాగితంలో నౌకరుగా నా పెనిమిటి పేరు ఉండటం వల్ల ఆ రైఫిళ్లు ముట్టుకోవడానికి ఆయనకు ఇంకా హక్కు ఉండేది. అంతకు మించి మాకు మిగిలిందేమీ లేదు. నాలుగేళ్లు వెదురు కొట్టాడు, రాళ్లు మోశాడు. ఆ ఏడు అది కూడా దొరకలేదు. ఊళ్లోకి బొగ్గుబాయి సర్దారు వచ్చి మనుషుల పేర్లు రాసుకుంటున్నాడు. నా పెనిమిటి కూడా రాయించాడు.

బాయి అంటే నాకు భయం. మా అన్న బాయిలో కప్పు మీద కూలి చనిపోయాడు. ఇంటికి తెచ్చినప్పుడు మొహం మీది గుడ్డ తియ్యనివ్వలేదు. కాళ్లు చూసి మా అవ్వ గుర్తుపట్టింది. అందుకే నేను ఆయనకు ఒక్కటే చెప్పాను: గంజి తాగుదాం, బాయిలోకి మాత్రం దిగొద్దు.

అప్పుడే ఈ పోటీ సంగతి తెలిసింది. అడవి కొట్టించే కంట్రాక్టరు ఒకడు తన చుట్టాలనూ స్నేహితులనూ షికారుకు తిప్పడానికి ఒక షికారీని పెట్టుకుంటానన్నాడు. ఏడాది పొడుగునా నౌకరీ, ఉండటానికి గుడిసె, తిండి గింజలు. సిఫారసుతో కాదు, గురితో తేలుస్తానన్నాడు. పలక మీద పందిని గీసి, తాడు కట్టి లాగిస్తారు. అది ఉరుకుతుంటే నిలబడి కొట్టాలి. మనిషికి ఐదు తూటాలు. గెలిస్తే మా ఆయన అడవిలో, వెలుతురులో ఉంటాడు. ఓడితే మర్నాడే సర్దారు వెంట వెళ్లాలి. మా కొట్లాటకు అసలు కారణం ఇది. ఇద్దరం ఒకదాని కోసమే కొట్లాడాం. గెలవడానికి తేలికది కావాలని ఆయన అన్నాడు. లావుది చాలని నేను అన్నాను.

ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. లావు రైఫిలు మోటది. గుండు పెద్దది, దున్నపోతునైనా పడగొడుతుంది. కానీ ఎత్తి తిప్పేలోపు జంతువు రెండు అడుగులు ముందుకు పోతుంది. కాల్చినప్పుడల్లా భుజాన్ని గుద్దుతుంది, గురి మళ్లీ కుదుర్చుకోవాలి. తేలికది సన్న గుండుది. కట్టె పలకను కొట్టడానికి అదే ఎక్కువ. దాని తూటాలు కరీంనగరంలో కొత్తవి దొరుకుతాయి. పోయి రావడానికి మూడు రోజులు. పోటీకి ఇంకా ఐదు రోజులున్నాయి.

కారణాలన్నీ ఆయన పక్కనే ఉన్నాయి, నా పక్కన నా మొండితనం ఉంది. “గా లావు దాంతోనే గద పద్దెనిమిదేండ్లు దొర ఎనుక తిరిగినవు? ఇయ్యాల కొత్త పెండ్లాం కావల్నా?” అన్నాను. ముంషీ నవ్వాడు. ఆయన నవ్వలేదు.

“డబ్బ పట్రా. చూస్త,” అన్నాడు.

ఆ డబ్బా సంగతి చెప్పాలి. దొర వెళ్లిపోయేటప్పుడు లావు రైఫిలు తూటాలు తొమ్మిది మా ఇంట్లో ఉండిపోయాయి. అడగడానికి ఎవరూ రాలేదు. నేను వాటిని టిన్ను డబ్బాలో నిలువుగా, రెండు వరుసల్లో పేర్చాను. కింద ఐదు, పైన నాలుగు. మా అవ్వగారిది హుజూరాబాద్ దిక్కు, పొలాలవాళ్లం. వానలు పడేముందు కొడవలికీ గొడ్డలికీ నాగలి కర్రుకూ నువ్వుల నూనె పట్టించి గుడ్డ చుట్టి పెట్టడం మా ఇంటి పద్ధతి. నూనె తాగిన ఇనుము తుప్పు పట్టదు. అట్లాగే ప్రతి ఏడూ దసరాకు పనిముట్లతో పాటు ఆ డబ్బాను కూడా పీట మీద పెట్టి, పసుపు కుంకుమ పెట్టి, మూత తీసి చిన్న గంటెడు నూనె పోసి మళ్లీ మూసేదాన్ని. నాలుగు దసరాలు. నూనె దండగ చెయ్యడం నాకు ఇష్టం లేని పని. అయినా వాటికి మాత్రం పోశాను, మంచి చేస్తున్నాననుకుని.

డబ్బా మూత తీసి ఆయన ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. “గిదేందే? నూనె వాసనొస్తున్నది.”

“తుప్పు పట్టొద్దని పోసిన.”

“నూనె లోపలి మందులకు పోతది, పేలదు, పిచ్చిదానా.”

“యాడికెళ్లి పోతది? సందు సూపియ్యి.”

ఆయన తూటా తిరగేసి అడుగు చూపించాడు. నడిమధ్యలో రాగి బొట్టులాంటిది ఉంది. తుపాకిలోని సూది కొట్టేది దాన్నే. అది పేలితేనే లోపలి మందు అంటుకుంటుంది. దాని అంచున సందు ఉంటుందన్నాడు. నేను ఎండకు పెట్టి చూశాను. గోరు కూడా పట్టలేదు. “గీ సందులకెళ్లి చీమ గూడ పోదు,” అన్నాను.

ముంషీ విసిగిపోయాడు. “ఒకటి కాల్చి చూడరాదు? ఫికర్ పోతది.”

ఒక తూటా దండగ అవుతుందని సణిగాను. అయినా పై వరుసలోంచి ఒకటి తీసి ఇచ్చాను. ఆయన చేను గట్టుకు పోయి ఎండిన మోడు మీదికి కాల్చాడు. చెవులు గింగుర్లెత్తాయి. మోడు చీలిపోయింది.

“ఇగ ఏమంటవు?” అన్నాను.

ఆయన లావు రైఫిలు చిట్టీ మీద వేలిముద్ర వేశాడు. ముంషీ తేలికది భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

మిగిలినవి ఎనిమిది. పోటీకి కావలసినవి ఐదు. ఏ ఐదు ఇవ్వాలో నేనే తేల్చాను. గింజలైనా పచ్చడైనా అడుగున ఉన్నవాటిని ముందు వాడాలి, పైవాటిని దాచాలి. కోడలిగా వచ్చిన నాటి నుంచీ నేను నడిపిన సంసారం అదే. అందుకే కింది వరుసలోని ఐదింటిని తీసి, జిడ్డు తుడిచి, గుడ్డలో మూటగట్టి ఆయనకు ఇచ్చాను. పైన ఉన్న మూడు పొడిగా, కొత్తవాటిలా మెరుస్తున్నాయి. నౌకరీ దొరికాక పనికొస్తాయని డబ్బాలోనే ఉంచాను.

పోటీ నాడు నేనూ వెంట వెళ్లాను. అడవి నరికిన బయలు అది. ఇటు ఒక మట్టికుప్ప, అటు ఒక మట్టికుప్ప. నడుమ ముప్పై అడుగుల ఖాళీ. పంది బొమ్మ గీసిన పలకను చక్రాల మీద నిలబెట్టి, తాడును గిలక మీదుగా ఎడ్ల జతకు కట్టారు. ఎడ్లను అదిలిస్తే పలక ఒక కుప్ప వెనక నుంచి ఇంకో కుప్ప వెనక్కు ఉరుకుతుంది. నాలుగు లెక్కపెట్టేంత సేపు కనిపిస్తుంది. అది కనిపించేదాకా రైఫిలును నడుము దగ్గరే పట్టుకోవాలి. పంది బొమ్మ భుజం దగ్గర సున్నంతో గుండ్రంగా గీత గీశారు. దానిలో పడిందే లెక్క.

ఏడుగురు వచ్చారు. ఐదుగురు అంతంతమాత్రంగా కొట్టారు, అందులో ఒకరిద్దరివి మట్టికుప్పకు తగిలాయి. జైనూరు దిక్కు నుంచి వచ్చిన ఒక నడివయసు మనిషి ఐదింట మూడు గీతలో పెట్టాడు. అతనిది తేలిక రైఫిలు, మేం వద్దన్నదాని లాంటిదే. వంతుల చీట్లలో చివరిది నా పెనిమిటిది.

మొదటి పంది ఉరికింది. ఆయన ఎత్తాడు, తిప్పాడు, కాల్చాడు. గీత నడుమ చిల్లు. రెండోదీ అంతే. చూసేవాళ్లు “వారెవ్వా” అన్నారు. నేను ఇప్పచెట్టు కింద కూర్చుని ఉన్నాను. ఇంకో రెండు పడితే చాలు, నౌకరీ మాదే. కొంగు నోట్లో పెట్టుకున్నాను.

మూడో పంది ఉరికింది. టక్కుమని సూది కొట్టిన చప్పుడు వచ్చింది. అంతే. పలక కుప్ప వెనక్కు పోయింది.

ఆయన గొట్టం పంది దిక్కే ఉంచి, ఆలస్యంగా పేలుతుందేమోనని కాసేపు ఆగి, తూటా తీసి కింద పెట్టాడు. పోటీ చూసే పెద్దమనిషి, “కాలనిది తప్పినట్టే,” అన్నాడు. నాలుగో పంది ఉరికింది. మళ్లీ టక్కు.

అప్పుడు జైనూరు మనిషి లేచి వచ్చాడు. తన మొలపట్టీలోంచి తూటా ఒకటి తీసి ఆయన ముందు చెయ్యి చాపాడు. “అన్నా, గిది తీస్కో. కొత్తది. నువ్వు ఓడితే ఓడు గని గిట్ల ఓడొద్దు.”

ఆయన దాన్ని అందుకుని రైఫిలు గూట్లో పెట్టి చూశాడు. పుల్ల పెట్టినట్టు అటూ ఇటూ ఆడింది. సన్న గుండుది లావు గొట్టంలో నిలవదు. తిరిగి ఇచ్చేశాడు. “నీ మనసు మంచిది తమ్మీ. నా బందూకే వేరు.”

ఐదోది పెట్టాడు. అది ఎండిపోయిన పటాకులా తుస్సుమంది. గుండు పలక దాకా కూడా పోలేదు, మధ్యలోనే దుమ్ము లేపింది.

చోద్యం చూడటానికి వచ్చిన ముంషీ కాలని తూటా ఒకటి ఎత్తుకుని, పట్టకారుతో గుండు పీకి అరచేతిలో వంపాడు. మందు రాలలేదు. గానుగ పిండిలా ముద్దగా జారింది. వాసన చూశాడు. “అరె! నువ్వుల నూనె! గిండ్ల నూనె ఎవడు పోసిండుర బై?”

“సర్వపిండి రొట్టె కాల్చనీకి తెచ్చిండు బందూకు!” అని వెనక నుంచి ఎవడో అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు.

నేను లేచి నిలబడ్డాను. నేనే పోశానని చెప్పడానికి నోరు తెరిచాను. ఆయన నా వైపు చూడకుండానే, “నేనే పోసిన,” అన్నాడు. “తుప్పు పట్టొద్దని పోసిన. నాకు తెల్వలే.”

పద్దెనిమిదేళ్లు షికారీ చేసిన మనిషి నోట ఆ మాట వినగానే నవ్వు ఇంకా పెరిగింది. కంట్రాక్టరు కూడా నవ్వాడు. తూటాకు నూనె పోసేవాణ్ని తన చుట్టాల వెంట ఎట్లా పంపుతాడు? జైనూరు మనిషికి నౌకరీ ఇచ్చినట్టు అక్కడే పాగా చుట్టారు. అతను నవ్వలేదు. పాగా సర్దుకుంటూ తల దించుకుని నిలబడ్డాడు.

తిరిగి వస్తుంటే దారిలో అడిగాను. “నేను పోసిన్నని ఎందుకు చెప్పలేదు?”

“చెప్తే కాలుతయా?”

“కరీంనగరం పోతనంటే వద్దన్నది నేను.”

“ఊకో.”

“నూనెంత అడుగుకు దిగింది. పై వరుసవి ఇంట్ల ఉంచిన. మంచివి. మూడు.”

ఆయన అడుగు ఆగింది. ఆ సంగతి అప్పటిదాకా ఆయనకు తెలియదు. నా మొహం చూశాడు. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. “ఆకలైతున్నది, నడువు,” అని ముందుకు నడిచాడు.

మూడింట ఒక్కటి పేలి, సరిగ్గా కొట్టినా జైనూరు మనిషితో సమానమయ్యేవాడు. రెండు పేలితే గెలిచేవాడు. ఇంటికి వచ్చేదాకా ఆ లెక్క నా తలలో తిరుగుతూనే ఉంది. ఆయన కూడా లెక్క వేసుకున్నాడో లేదో తెలియదు. నేను అడగలేదు.

మర్నాడు పొద్దున సర్దారు వచ్చాడు. ఊళ్లోంచి పదకొండు మంది వెళ్తున్నారు. నేను రొట్టెలు నాలుగు, ఎల్లిపాయ కారం కట్టి ఇచ్చాను. ఆయన గడీకి పోయి రైఫిలు ముంషీకి అప్పజెప్పి, చిట్టీ చింపించి వచ్చాడు. మూట భుజాన వేసుకుని వాకిట్లో నిలబడి, “బర్రెను ఎండకు కట్టెయ్యకు,” అన్నాడు. సర్దారు పేరు పిలిచాడు. ఆయన ‘ఉన్న’ అన్నాడు. రోడ్డు దాకా నడిచి బండెక్కారు. మధ్యాహ్నం పాళీ పనికే ఆయనకు దీపం చేతికిచ్చి బాయిలోకి దింపారని, వారం తర్వాత ఆ బాయి ఊరినుంచి వచ్చిన ఒకతను చెప్పాడు.