అన్ని రేవుల్లోనూ ఆగే ఓడ

కోటబొమ్మాళి స్టేషను బెంచీ మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. పక్కన కూర్చున్న పెద్దావిడ రెండు ఓడ విహారాల కాగితాలు నా చేతిలో పెట్టింది.

“బాబూ, ఏది ఎక్కువ రేవుల్లో ఆగుతాదో సూడు.”

“రేవులు తక్కువైనా ఇది తీసుకో అప్పా,” అన్నాను, మా వైపు అక్కని పిలిచినట్టే. “స్విమ్మింగ్ పూల్ ఉన్నాది.”

“పూలు నాకేటికి? మా తాత రంగూన్ ఓడెక్కి తిరిగి రానేదు. ఏ రేవులో దిగిపోనాడో ఎవులికీ తెల్దు. అన్ని రేవుల్లోనూ దిగి, కొబ్బరికాయ కొట్టి, పేరెట్టి పిలుస్తాను.”

“అన్ని కాయలెడితే ఓడ ములిగిపోతాది అప్పా!”

ఆవిడ పకపకా నవ్వింది. ఎక్కువ రేవులున్న కాగితం చూపిస్తే మడిచి రొంటిన దోపుకుంది.

సరే, ఆ నవ్వొక్కటీ నా కల్పన. ఆవిడ నవ్వలేదు. “ములిగితే ఇంకో ఓడెక్కుతాను” అంది.