ముందే స్తోత్రం చెప్పిన సైకిలు

ఆ సైకిలు కోసం నేను చర్చిలో నిలబడి స్తోత్రం చెప్పేశాను, నా కూతుర్ని దాని మీద ఒక్కసారైనా కూర్చోబెట్టి చూడకముందే.

పంజాగుట్టలోని మా చర్చిలో ఆదివారం సాక్ష్యాలు చెప్పే సమయం ఒకటుంటుంది. మేలు పొందినవాళ్లు లేచి చెబుతారు. శ్రీనగర్ కాలనీ నుంచి వచ్చే ఒక పెద్దావిడ, మనవరాలు తొక్కిన సైకిలు మాకిస్తానని ముందురోజే ఫోను చేశారు. ఆ సంతోషంలో నేను ఆగలేకపోయాను. అడగకుండానే దేవుడు నా బిడ్డకు సైకిలిచ్చాడని మైకులో చెప్పాను. అందరూ ఆమెన్ అన్నారు.

సాయంత్రానికి సైకిలు మధురానగర్‌లోని మా ఇంటికి చేరింది. ఎర్రగా కొత్తదానిలాగే ఉంది. ఆరేళ్ల నా కూతురు ఎక్కి కూర్చుంటే బొటనవేలు కూడా నేలకు తగల్లేదు.

చిన్నప్పుడు నన్ను బడికి పంపలేదు. నాన్నే ఇంట్లో చదువు చెప్పారు, అందుకు ఇప్పటికీ కృతజ్ఞురాలినే. కానీ సైకిలెక్కే పని నాకెప్పుడూ పడలేదు. నా కూతురికి గౌనైనా చెప్పులైనా ఎదిగే పిల్ల కదా అని ఒక సైజు పెద్దవే కొనేదాన్ని. సైకిలూ అంతే అనుకున్నాను.

మెట్టు మీంచి ఎక్కి తొక్కుతున్న పిల్ల మూడో రోజు సందు మలుపులో పడింది. ఆగాలంటే కాలు కింద పెట్టాలి, కాలేమో అందదు. గడ్డం గీరుకుపోయింది. అప్పటి నుంచి రోజూ సాయంత్రం ఆటల వేళకు దానికి కడుపునొప్పి. నాకు ఏ పనీ నిలకడగా సాగలేదు. బియ్యం కడుగుతూ మధ్యలో లేచి వెళ్లి, మెట్ల కింద ఉన్న ఆ సైకిలును చూసి వచ్చేదాన్ని. ప్రభువా, నా బిడ్డ కాళ్లు త్వరగా పెంచు అని ప్రార్థించాను. సైకిలు మార్చమని ఎవరినైనా అడగాలని తోచనే లేదు. అడిగితే అంతమందిలో చెప్పిన మాట వెనక్కి తీసుకున్నట్టే కదా.

చివరికి అమీర్‌పేటలో సైకిళ్లు బాగుచేసే అతని దగ్గరకు తీసుకెళ్లాను.

"అన్నా, సీటు కొంచెం దించండి."

"ఇంకేడికి దించాలమ్మా? మొత్తం దిగే ఉన్నది. గిది పాపకు మస్తు పెద్దగయితది."

"ఎదుగుతుంది కదన్నా."

"ఎదిగినంక ఎక్కియ్యి. గౌనైతే మడత పెట్టి కుడతరు. దీన్ని ఏడ మడత పెట్టమంటవ్?"

నా కూతురు ఫక్కున నవ్వింది. ఆ నవ్వు విని వారమైంది.

అతను వయసు అడగలేదు. పిల్లను గోడకు ఆనించి నిలబెట్టి, టేపు నా చేతికిచ్చి, తొడ మొదలు నుంచి మడమ దాకా కొలవమన్నాడు. "గీ కాలుకు పదహారు ఇంచుల చక్రం చాలు. ఇది ఇరవై" అన్నాడు.

ఆదివారం చర్చి మెట్ల దగ్గర పెద్దావిడ ఎదురయ్యారు.

"ఏంటమ్మా, మా బుజ్జిముండ తొక్కేస్తోందా?"

దేవుని దయ అండీ అని తప్పుకోబోయాను. నా కూతురి గడ్డం మీద ఎండిన గాయం కనబడింది.

"లేదండి. కాళ్లు అందక పడింది. నేనే చూసుకోకుండా సాక్ష్యం చెప్పేశాను."

ఆవిడ పిల్ల గడ్డం పట్టుకుని చూశారు.

"చిన్న సైకిలు అటక మీద ఉందే. తుప్పు పట్టింది, ఇస్తే ఏమనుకుంటావోనని పెద్దదిచ్చా. నువ్వేమో మైకులో చెప్పేస్తివి. ఇంక నేనెలా నోరు తెరిచేది?"

ఆ సాయంత్రమే చిన్నది వచ్చింది. గొలుసు కీచుమంటోంది. నా కూతురు ఎక్కి, రెండు పాదాలూ నేల మీద పూర్తిగా ఆనించి, అలాగే నిలబడిపోయింది. పక్కింటి పిల్లలు తమ సైకిళ్ల మీద సందంతా రెండుసార్లు చుట్టి వచ్చేశారు. తొక్కవే అనబోయి పెదవి కొరుక్కున్నాను. స్తోత్రం కూడా నోటిదాకా వచ్చింది. ఈసారి ఆపుకున్నాను.

అది కుడికాలు పెడలు మీద పెట్టింది. తీసేసింది. మళ్లీ పెట్టింది.